వెంట్రుకకి గుడి కట్టిన ఊళ్ళో... ఓ సంతకం కోసం వేట!

నేపుల్స్ పాతబస్తీలో బార్ నీలో అని ఓ కాఫీ కొట్టు ఉంది. ఇటలీలో బార్ అంటే మందు షాపు కాదు, మన ఇరానీ కేఫ్ లాంటిది. నిలబడి ఓ బుల్లి కప్పు ఎస్ప్రెస్సో గొంతులో పోసుకుని వెళ్ళిపోతారు. ఈ కొట్టు దగ్గర గోడకి దేవుడి మందిరంలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ప్రధాన దైవం యేసు కాదు, మేరీమాత కాదు. ఓ వెంట్రుక. డీగో మారడోనా వెంట్రుక!

కథేంటంటే, ఈ బార్ ఓనర్ ఒకసారి నాపోలి టీమ్ ఎక్కిన విమానంలోనే మిలాన్ నుంచి వస్తున్నాడు. దిగేటప్పుడు మారడోనా కూర్చున్న సీటు వెనక ఓ వెంట్రుక కనిపించింది. జాగ్రత్తగా తీసి ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాత దానికో గుడి కట్టాడు. పక్కనే ఓ చిన్న సీసా. అందులో 1991లో మారడోనా ఊరొదిలి వెళ్ళిపోయినప్పుడు నేపుల్స్ జనం కార్చిన కన్నీళ్ళట.

నవ్వొచ్చిందా? కటౌట్లకి పాలాభిషేకాలు చేసే మనకి నవ్వే హక్కు ఎక్కడుంది చెప్పండి! నాకైతే మన ఊరికే వచ్చినట్టు అనిపించింది.

అసలు ఈ ఊరికి ఇలాంటివి కొత్త కాదు. ఇక్కడి పెద్ద చర్చిలో సాన్ జెన్నారో అనే సెయింట్ రక్తం గాజు సీసాల్లో ఉంటుంది. ఏడాదికి మూడుసార్లు, మే మొదటి ఆదివారానికి ముందు శనివారం, సెప్టెంబరు 19, డిసెంబరు 16న దాన్ని బయటికి తీస్తారు. గడ్డకట్టిన ఆ రక్తం కరిగితే ఊరికి మంచిది, కరక్కపోతే కీడు అని నమ్మకం. అలాంటి ఊరికి ఓ ఫుట్‌బాలర్ వెంట్రుక దొరికితే చెత్తబుట్టలో వేస్తుందా?

ఎందుకంత పిచ్చి?

1984 జులై 5న మారడోనాని చూడ్డానికి ఇక్కడి సాన్ పావ్లో స్టేడియం నిండిపోయింది. మ్యాచ్ కూడా లేదు ఆ రోజు. కొత్త ప్లేయర్ వచ్చి చేయి ఊపి, బంతి నాలుగుసార్లు తన్ని వెళ్ళాడు, అంతే. అప్పటిదాకా ఇటలీ లీగ్ అంటే ఉత్తరాది టీమ్‌లదే. యువెంటస్, మిలాన్, ఇంటర్. నేపుల్స్ దక్షిణాది, పేద ఊరు. ఉత్తరాది స్టేడియాల్లో నేపుల్స్ వాళ్ళని మురికివాళ్ళు, రోగాలవాళ్ళు అంటూ బ్యానర్లు కట్టేవారు. వెనకబడిన ప్రాంతం అనిపించుకోవడం ఎలా ఉంటుందో అనంతపురం వాడిని, నాకెవరూ చెప్పక్కర్లేదు.

అలాంటి టీమ్ 1987లో మొదటిసారి లీగ్ గెలిచింది. 1989లో యూయెఫా కప్పు, 1990లో మళ్ళీ లీగ్. 1991లో కొకైన్ పరీక్షలో దొరికి, నిషేధం పడి, మారడోనా వెళ్ళిపోయాడు. 1990 తర్వాత ఇంకో లీగ్ టైటిల్ రావడానికి 33 ఏళ్ళు పట్టింది. 2023లో వచ్చింది, 2025లో ఇంకోటి. 2020 నవంబరు 25న, 60 ఏళ్ళకి ఆయన చనిపోయాక కొద్ది రోజుల్లోనే స్టేడియం పేరు మార్చేశారు. ఇప్పుడది డీగో అర్మాండో మారడోనా స్టేడియం.

మామ కోసం

నేను ఉండేది మ్యూనిక్‌లో. ఇన్‌స్టాలో మీరు చూసే ఉంటారు, 'లివ్ ఈజ్ లైఫ్' పాటకి మారడోనా లేసులు ఊడిన బూట్లతో బంతి ఆడించే వార్మప్ వీడియో. అది మా ఊరిదే! 1989 ఏప్రిల్ 19, బయర్న్ మ్యూనిక్‌తో యూయెఫా కప్పు సెమీస్. ఆ ఒలింపిక్ స్టేడియం పక్కనే నేను రోజూ జాగింగ్‌కి వెళ్తాను. ఓసారి అక్కడినుంచి అనంతపురంలో ఉన్న మా మామకి వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మామ పీఈటీ. మా భాషలో డ్రిల్ మాస్టారు. 1986లో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నప్పుడు, పక్కింటివాళ్ళ బ్లాక్ అండ్ వైట్ టీవీలో అర్జెంటీనా, ఇంగ్లండ్ క్వార్టర్ ఫైనల్ చూశాడు. మెక్సికోలో మిట్టమధ్యాహ్నం ఆట, మనకి రాత్రి పదకొండున్నర. దొంగ గోలు, దేవుడి గోలు, రెండూ ఆ రాత్రే, నాలుగు నిమిషాల తేడాలో. ఒకటి చేత్తో తోసింది, ఇంకోటి సగం గ్రౌండ్ దాటి ఇంగ్లండ్ వాళ్ళని ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ వెళ్ళి కొట్టింది. మామ బీపీఈడీ చేయడానికి కారణం ఆ రాత్రే అంటాడు.

ఆయన రిటైర్ అవబోతున్నాడు. మారడోనా సంతకం ఉన్న జెర్సీ ఒకటి తెచ్చి చేతిలో పెడదామని నా ప్లాన్. మే డే సెలవుకి వీకెండ్ కలిపి నేపుల్స్ ఫ్లైట్ ఎక్కేశాను. బడ్జెట్ 400 యూరోలు.

గోడమీద దేవుడు

మెట్రో లైన్ 1లో టొలేదో స్టేషన్‌లో దిగండి. నీలంరంగు టైల్స్‌తో సముద్రంలోపలికి దిగినట్టు ఉంటుంది, ఆ స్టేషనే ఓ టూరిస్ట్ స్పాట్. బయటికొచ్చి కొంచెం పైకి నడిస్తే స్పానిష్ క్వార్టర్స్. బాల్కనీ నుంచి బాల్కనీకి బట్టలు ఆరేసిన సందులు. స్కూటర్ వస్తే గోడకి అతుక్కోవాలి.

అక్కడ ఓ అపార్ట్‌మెంట్ గోడ మొత్తం మారడోనా. 1990లో రెండో టైటిల్ వచ్చినప్పుడు మారియో ఫిలార్డీ అనే కుర్రాడు వేశాడు. తర్వాత బొమ్మ వెలిసిపోయింది. అంతటితో ఆగలేదు, సరిగ్గా మొహం ఉన్నచోట ఎవరో కిటికీ కొట్టించేశారు! 2016లో ఆ వీధి ఆర్టిస్టు ఒకాయన మళ్ళీ రంగులు వేశాడు. మరుసటి ఏడాది అర్జెంటీనా నుంచి బొసొలెత్తి అనే చిత్రకారుడు వచ్చి మొహం సరిచేశాడు. కిటికీ మాత్రం అలాగే ఉంది. రెక్కలు మూస్తేనే దేవుడి మొహం పూర్తిగా కనిపిస్తుంది.

గోడ ముందు ఖాళీ జాగా ఇప్పుడో గుడి ప్రాంగణం. కండువాలు, కొవ్వొత్తులు, ఫొటోలు. చుట్టూ దుకాణాలు. ఎక్కడ చూసినా లేతనీలం రంగు, ఛాతీమీద 'బుయితోని' అని రాసిన జెర్సీలు. 1987లో మొదటి టైటిల్ గెలిచినప్పుడు నాపోలి స్పాన్సర్ ఆ పాస్తా కంపెనీ. ఇప్పుడమ్మేవన్నీ రెప్లికాలే అనుకోండి.

350 యూరోల ప్రశ్న

టూరిస్టులు తిరిగే ఓ వీధిలో, ఫ్రేము కట్టిన 'సంతకం జెర్సీ' దొరికింది. 350 యూరోలు. వెనకాల మెరిసే స్టిక్కరు, పక్కనే సర్టిఫికెట్. నా బడ్జెట్‌కి సరిగ్గా సరిపోయింది. అందుకే అనుమానం వచ్చింది.

బయల్దేరేముందు దీనిమీద కాస్త చదువుకున్నాను. మీకూ పనికొస్తుంది, క్రికెట్ బ్యాటైనా ఫుట్‌బాల్ జెర్సీ అయినా సూత్రాలు ఇవే.

ఒకటి, అసలు సంతకం వేగంగా పడుతుంది. గీత మొదట్లో, చివర్లో సన్నబడుతుంది. దొంగ సంతకం బొమ్మ గీసినట్టు నెమ్మదిగా ఉంటుంది. లావు ఒకేలా ఉంటుంది, మధ్యలో పెన్ను ఆగిన చుక్కలు, చేతి వణుకు కనిపిస్తాయి. రెండు, ఫొటోమీదో కాగితంమీదో అయితే భూతద్దంతో చూడండి. ఇంకు బదులు చిన్నచిన్న చుక్కలు కనిపిస్తే అది ప్రింటు. మూడు, ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం పెట్టలేడు. రెండు వస్తువులమీద సంతకాలు అచ్చుగుద్దినట్టు ఉంటే రెండిట్లో ఒకటైనా తేడా. నాలుగు, సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. పేరున్న పరీక్షా కంపెనీలు నంబర్ ఇస్తాయి, వాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. కాకపోతే సంతకాన్ని దొంగది చేసేవాడికి సర్టిఫికెట్ దొంగది చేయడం ఎంతసేపు!

'ఇంకోటి ఉందా?' అని అడిగాను. సంతోషంగా లోపల్నుంచి తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టాను. అదే వాలు, అదే సైజు, చివరి గీత అదే చోట ఆగింది. 'ఇది ఎక్కడ, ఎప్పుడు పెట్టారు?' అంటే 'సర్టిఫికెట్ ఉంది కదా' అన్నాడు. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

ఒక్కటి ఆలోచించండి. మారడోనా ఇక సంతకం పెట్టడు. అసలువి పెరగవు. దొంగవి మాత్రం రోజూ పెరుగుతూనే ఉంటాయి. ఏడాది గడిచేకొద్దీ మన చేతికి అసలుది దొరికే అవకాశం తగ్గుతూ పోతుంది.

చొక్కా, బంతి... ఓ రిఫరీ

మరి ఏది అసలుదో లోకం ఎలా నమ్ముతుంది? 1986 క్వార్టర్ ఫైనల్ వస్తువులే మంచి ఉదాహరణ.

ఆట అయిపోయాక స్టీవ్ హాజ్ అనే ఇంగ్లండ్ ఆటగాడు, మారడోనా చొక్కాలు మార్చుకున్నారు. తమాషా ఏంటంటే, 'చేతి గోలు'కి ముందు బంతి గాల్లోకి లేచింది ఈ హాజ్ కాలినుంచే. ఆ చొక్కాని ఆయన ఏళ్ళ తరబడి దాచుకుని, తర్వాత ఇంగ్లండ్‌లోని నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియంకి ఇచ్చి ఉంచాడు. 2022 మేలో వేలం వేస్తే 71 లక్షల పౌండ్లు దాటింది. మన లెక్కలో దాదాపు 68 కోట్లు!

వేలానికి ముందు మారడోనా కుటుంబం అడ్డుపడింది. అది గోల్స్ కొట్టిన రెండో హాఫ్ చొక్కా కాదు, మొదటి హాఫ్‌ది అని. అప్పుడు పనికొచ్చింది అర్జెంటీనా వాళ్ళ హడావుడే. ఎండకి బరువుగా ఉన్నాయని ఆ మ్యాచ్ కోసం మెక్సికో సిటీ షాపులో పల్చటి చొక్కాలు కొన్నారు. బ్యాడ్జీలు గబగబా కుట్టించారు, వెండిరంగు నంబర్లు ఇస్త్రీపెట్టెతో అతికించారు. చేత్తో చేసిన పని కదా, ఏ రెండూ ఒకేలా లేవు. బ్యాడ్జీ, చారలు, నంబరు అతుకులు ఆనాటి ఫొటోలతో పోల్చి ఇదే అని తేల్చారు. కోడ్‌లో ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో గిట్‌లో వెనక్కి వెళ్ళి చూస్తాం కదా, అచ్చం అలాగే. వస్తువు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో తెగకుండా చెప్పగలిగితేనే విలువ.

బంతి సంగతి ఇంకా బాగుంటుంది. ఆ మ్యాచ్ రిఫరీ అలీ బిన్ నాసర్, ట్యునీషియా. చేతి గోలుని గోలని ఇచ్చింది ఆయనే. బంతి ఇంటికి తెచ్చుకున్నాడు. 2022 నవంబరులో వేలంలో 20 లక్షల పౌండ్లు పలికింది. కానీ ఆయన దగ్గర ఇంకో వస్తువు ఉంది. 2015లో మారడోనా ట్యునీషియా వెళ్ళినప్పుడు వెతుక్కుంటూ ఆయన ఇంటికెళ్ళాడు. ఓ అర్జెంటీనా జెర్సీమీద సంతకం పెట్టి, 'అలీకి, నా శాశ్వత మిత్రుడికి' అని రాసిచ్చాడు.

ఇక్కడే వ్యాపారంలో ఓ విచిత్రం ఉంది. ఆటోగ్రాఫ్ మార్కెట్లో మామూలుగా, పేరు రాసిన సంతకం కంటే ఉత్త సంతకానికే ఎక్కువ ధర. 'రవికి ప్రేమతో' అని ఉంటే రవి తప్ప ఎవరు కొంటారు? అందుకే అమ్ముకునేవాళ్ళు 'పేరొద్దు, సంతకం చాలు' అంటారు. అంటే ఆటగాడు మన మొహం చూసి, పేరడిగి, రాసిచ్చిన క్షణానికి మార్కెట్ డిస్కౌంట్ ఇస్తుందన్నమాట.

ఆ సాయంత్రం మామకి ఫోన్ చేసి 350 యూరోల కథ చెప్పాను. అసలుది ఇంకో చోట దొరికితే తెస్తానన్నాను. ఆయన ఒకటే అడిగాడు.

'ఆ సంతకం ఎవురి కోసరం పెట్నాడు అల్లుడూ?'

'ఎవరి కోసమో తెలీదు మామా.'

'నా కోసరమైతే కాదు కదా. మల్ల నాకెందుకురా?'

మామ బీరువామీద ఓ పాత ఫుట్‌బాల్ ఉండేది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ధర్మవరం దగ్గర స్కూలునుంచి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు, ఆయన తయారుచేసిన మొదటి టీమ్ పిల్లలు పదకొండుమంది బాల్‌పెన్నుతో పేర్లు రాసిచ్చిన బంతి అది. ఇప్పుడు నాలుగు పేర్లే కనిపిస్తాయి. మిగతా ఏడూ మామ చూడకుండా చెప్తాడు.

సెల్లార్‌లో మ్యూజియం

మర్నాడు ఊరి ఉత్తరాన సెకొందిల్యానోకి వెళ్ళాను. టూరిస్టులు పెద్దగా వెళ్ళని ఏరియా. ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో విన్యాతి కుటుంబం మ్యూజియం ఉంది. ఆ ఇంటి పెద్ద సాన్ పావ్లో స్టేడియంలో డ్రెస్సింగ్ రూమ్ చూసుకునేవాడు. ఆయన భార్య మారడోనా ఇంట్లో పనులు, వంట చూసేది. పిల్లలు మారడోనా ఒళ్ళో పెరిగారు. అలా వచ్చిన జెర్సీలు, బూట్లు, ఫొటోలు, ఆఖరికి ఆటగాళ్ళు కూర్చున్న డ్రెస్సింగ్ రూమ్ బెంచీ కూడా ఇక్కడే ఉన్నాయి. టికెట్ లేదు. ముందుగా మాట్లాడుకుని వెళ్ళాలి.

ఇక్కడ ఏ వస్తువుకీ మెరిసే స్టిక్కరు లేదు. అక్కర్లేదు కూడా. వంటమనిషి ఇంట్లో, ఆ కుటుంబం ఫొటోల పక్కన ఉన్న చొక్కాని 'ఇది అసలుదేనా' అని ఎవరడుగుతారు? ఆ బెంచీ ముందు నేను నిలబడ్డ పది నిమిషాల్లో నా చేతిలోని 400 యూరోల సంగతి నిజంగానే మర్చిపోయాను.

నైలు రెండు పాయలు

యూరప్ దాకా రాలేం అంటారా? మన దేశంలోనే ఓ మారడోనా గది ఉంది. 2012 అక్టోబరులో ఓ నగల షోరూమ్ ప్రారంభానికి ఆయన కేరళలోని కన్నూర్ వచ్చాడు. స్టేడియంలో జనం ముందు పాటలు పాడి, మన ఐ.ఎం.విజయన్‌తో కలిసి బంతి ఆడాడు. బస చేసింది బ్లూ నైల్ హోటల్, రూమ్ నంబర్ 309. ఆయన వెళ్ళాక హోటల్ వాళ్ళు ఆ గదిలో సగం కాల్చిన చుట్ట దగ్గర్నుంచి ఆయన వాడినవన్నీ దాచి, దాన్ని మారడోనా సూట్ చేసేశారు. 2020లో ఆయన పోయినరోజు అభిమానులు అక్కడికే వెళ్ళారు. మీరు వెళ్ళేముందు మాత్రం ఫోన్ చేసి కనుక్కోండి.

నేపుల్స్‌లో బార్ 'నీలో', కన్నూర్‌లో బ్లూ 'నైల్'. రెండూ నైలు నది పేర్లే! నేపుల్స్‌లో ఆ బార్ ఎదురుగా నైలు దేవుడి రాతి విగ్రహం ఉంది, రోమన్ల కాలంలో ఈజిప్టు వర్తకులు ఆ పేటలో ఉండేవారు. కన్నూర్‌కీ నేపుల్స్‌కీ ఇంకే సంబంధమూ లేదు, సగం కాలిన చుట్టా ఓ వెంట్రుకా తప్ప.

చివరికి ఏం కొన్నాను?

బార్ నీలో నుంచి నాలుగడుగులేస్తే సాన్ గ్రెగోరియో అర్మేనో వీధి. క్రిస్మస్‌కి యేసు పుట్టిన పశువులపాక బొమ్మలు పేర్చే అలవాటు ఇక్కడ ఇంటింటా ఉంది, మన బొమ్మల కొలువులాగే. ఆ మట్టిబొమ్మలు ఏడాదంతా తయారయ్యే వీధి ఇది. గొర్రెల కాపరులు, చేపలమ్మేవాళ్ళు, పిజ్జా చేసేవాళ్ళు... వాళ్ళ మధ్యలో పదో నంబర్ జెర్సీతో మారడోనా. అరచేతిలో పట్టే బొమ్మ ఒకటి తీసుకున్నాను. కొనేముందు, చేస్తున్న ముసలాయన్ని అడుగున తన పేరు, తేదీ రాయమన్నాను. కింద మామ పేరు కూడా రాయించాను, తెలుగు పేరు ఇటాలియన్ స్పెల్లింగ్‌లో ఎలా వస్తే అలా. 18 యూరోలు. దసరాకి అత్త పెట్టే కొలువులో కొండపల్లి ఏనుగు పక్కన దీనికి చోటు ఖాయం చేసేశారు.

ఒక్కమాట చెప్పి ముగిస్తాను. 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి తులసీదాస్ బలరామ్ పేరు గుర్తుండాలి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీమీద గోలు, 1962 ఏషియాడ్ స్వర్ణం. చివరి రోజులు కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో గడిపి, 2023 ఫిబ్రవరి 16న వెళ్ళిపోయాడు. ఆయన సంతకం కావాలంటే ఇక వేలాల్లో వెతుక్కోవాల్సిందే.

కానీ రాష్ట్రానికో, రైల్వేస్‌కో, పోలీస్ టీమ్‌కో ఆడి రిటైరైనవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. సాయంత్రం గ్రౌండ్ పక్కన కుర్చీ వేసుకుని పిల్లల ఆట చూస్తుంటారు. వాళ్ళ దగ్గరికి క్యూ ఉండదు, రేటు ఉండదు. ఓ నోట్‌బుక్ పట్టుకెళ్ళండి. కాసేపు కూర్చుని ఆట కబుర్లు వినండి. సంతకంతోపాటు మీ పేరు, తేదీ, ఊరు కూడా రాయించుకోండి. మార్కెట్లో దాని ధర తగ్గుతుంది, తగ్గనివ్వండి.